ఇబూ దగ్గర చిట్టా లేదు: మనోబోల పాతాళ రాణి కథ

ఫిలిప్పీన్స్ దేవతల జాబితాలు ఇంటర్నెట్‌లో కొల్లలుగా దొరుకుతాయి. వాటిలో మిండనావో దీవి ఆదివాసీలైన మనోబోల వరసకు వచ్చేసరికి ఇబూ అనే పేరు పక్కన దాదాపు ఎప్పుడూ ఒకటే ముక్క ఉంటుంది. చనిపోయినవాళ్ల రాణి, భూమిని మోసే స్తంభాల కింద ఉంటుంది, అంతే. అది చదివిన తెలుగువాడి మనసులో ఏం మెదులుతుందో ఊహించడం కష్టం కాదు. దున్నపోతు, యమపాశం, చిట్టా విప్పుకుని కూర్చున్న చిత్రగుప్తుడు, సలసల కాగే నూనె బానలు. యముడి గద్దె మీద ఒక ఆడమనిషిని కూర్చోబెడితే ఇబూ అయిపోయిందనుకుంటాం.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. ఇబూ శిక్షలు వేసే దేవత కాదు. అగుసాన్ నది లోయ నుంచి మనకు అందిన వర్ణనల్లో ఆమె ముందు పాపపుణ్యాల విచారణ జరగదు. అలాగని మనోబోలకు తప్పొప్పుల పట్టింపు లేదా అంటే, చాలా గట్టిగా ఉంది. కాకపోతే ఆ లెక్కలు పైనే, మనిషి బతికుండగానే, పిడుగు రూపంలోనో భూకంపం రూపంలోనో పంట నష్టం రూపంలోనో తేలిపోతాయి. కిందికి వెళ్లే ఆత్మకు ఇంకా తేలాల్సిందల్లా తన సొంతవాళ్లతో ఉన్న కోపతాపాలే. వాటిని తీర్చే పని ఇబూది కాదు, బంధువులది.

ఎవరీ మనోబోలు

ఫిలిప్పీన్స్‌లో రెండో పెద్ద దీవి మిండనావో. దాని కొండల్లో, నదుల వెంట ఉండే చాలా ఆదివాసీ సమూహాలకు కలిపి వాడే పేరు మనోబో. అగుసాన్ మనోబోలు, అటా, మటిగ్‌సలుగ్, ఉమయమ్‌నోన్, ఇలియానెన్, అరుమానెన్, ఒబో, దులాంగన్, ఇలా చాలామంది ఉన్నారు. భాషాశాస్త్రం ప్రకారం చూస్తే దవావ్ వైపు ఉండే తగబావా బగోబోలు, బుకిద్‌నోన్ పీఠభూమి మీద బినుకిద్ మాట్లాడేవాళ్లు కూడా ఇదే కుటుంబంలోకి వస్తారు. భాషలు దగ్గరివే అయినా ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థం కావాలని లేదు. ఒక కొండ మీది దేవత పేరు పక్క కొండ మీద ఎవరికీ తెలియకపోవచ్చు.

అందుకే మనోబో పురాణం అనే మాటనే కాస్త అనుమానంగా చూడాలి. ఇది నా పట్టుదల అనుకున్నా ఫర్వాలేదు. గోండుల కథ, కోయల కథ, సవరల కథ కలిపి కుట్టి ఆంధ్ర ఆదివాసీ పురాణం అని ఒక పోస్టర్ వేస్తే మనం ఊరుకుంటామా?

ఇబూ పేరు ప్రధానంగా అగుసాన్ మనోబోలది. అగుసాన్ నది మిండనావో తూర్పు భాగంలో ఉత్తరం వైపు పారి బుటువాన్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. మధ్యలో పెద్ద చిత్తడి నేల ఉంది. అక్కడ రోడ్డంటే నదే, బండి అంటే పడవే. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే పడవవాడి సంగతి వింతగా అనిపించదు. జాన్ గార్వన్ అనే అమెరికన్ 20వ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో ఈ లోయంతా తిరిగి, వాళ్ల మధ్య ఉండి, విన్నదంతా రాసుకున్నాడు. ఆ రచనను అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1931లో అచ్చు వేసింది. ఇబూ గురించి ఈరోజు ఇంటర్నెట్‌లో కనిపించే ప్రతి ముక్కకూ మూలం దాదాపుగా ఆ పుస్తకమే.

గుంజల మీద నిలబడ్డ లోకం

ఇబూ ఎక్కడ ఉంటుందో తెలియాలంటే ముందు లోకం ఎలా కట్టారో చూడాలి. గార్వన్‌కు దీని గురించి ఒక కథ కాదు, మూడు దొరికాయి. మూడూ ఒకదానితో ఒకటి పొసగవు. ఆయన వాటిని సర్ది ఒకటి చేయకుండా మూడింటినీ అలాగే రాశాడు. అది మన అదృష్టం.

అగుసాన్ లోయలో తలకోగోన్ చుట్టుపక్కల చెప్పేదాని ప్రకారం మకలిదుంగ్ అనేవాడు లోకాన్ని గుంజల మీద నిలబెట్టాడు. అవి ఇనుప గుంజలని కొందరంటారు. మధ్యలో ఒక నిట్టాడు ఉంది, దాని దగ్గరే ఆయన కాపురం. తోడుగా ఒక కొండచిలువ ఉంటుందని మరికొందరు చెబుతారు. మనుషుల మీద కోపం వస్తే ఆ నిట్టాడును పట్టుకుని ఊపుతాడు. అదే భూకంపం. ఊపడం ఆపకపోతే లోకమే కూలిపోతుంది.

రెండో కథలో మకలిదుంగ్ ఉండడు. లోకాన్ని మోసే నాలుగు స్తంభాల దగ్గర దగావ్ అనే పెద్ద ఆకారం గల స్త్రీ దేవత కొండచిలువతో కలిసి ఉంటుంది. ఆమెకు మనిషి నెత్తురు చూడటం గిట్టదు. నేల మీద నెత్తురు పడిందంటే పామును ఉసిగొల్పుతుంది, అది స్తంభాలను చుట్టుకుని లోకాన్ని కుదుళ్లతో సహా కదిలిస్తుంది. కోపం మరీ ముదిరితే గాదెలో ధాన్యం మాయం చేస్తుంది, లేదా నేలలో సారం తీసేస్తుంది. ఆడది కాబట్టి నెత్తురు గిట్టదని గార్వన్ ఒక కారణం రాశాడు. అది అక్కడివాళ్లు చెప్పిందో, ఆయన కాలపు మగవాళ్ల ఊహో గానీ, నాకు అది నమ్మబుద్ధి కాదు. కాన్పులు చేసే ఆడవాళ్లకు నెత్తురు కొత్తా?

మూడో కథలో లోకం ఒక పెద్ద పుట్టగొడుగు. మధ్యలో ఇనుప కాడ. పై స్థాయి దేవతలు అలిగినప్పుడు ఆ కాడను కదిలించి మనుషులకు వాళ్ల బాధ్యత గుర్తు చేస్తారు.

మూడింటిలోనూ మారనిది ఒకటే. లోకాన్ని కింద గుంజలో కాడో మోస్తున్నాయి, భూమి కంపిస్తే ఎవరికో కోపం వచ్చిందని అర్థం. మనోబోలు కట్టుకునే ఇళ్లు కూడా గుంజల మీదే ఉంటాయి. మనుషులు పైన, పందులు కోళ్లు కింద. ఇంటి నమూనాతోనే లోకాన్ని ఊహించుకున్నారనిపిస్తుంది. ఇక కంపించడం అక్కడ ఊహ కాదు, అనుభవం. దేశం పొడవునా సాగే ఫిలిప్పీన్ ఫాల్ట్ అనే పెద్ద పగులు అగుసాన్ లోయ మీదుగానే పోతుంది, తూర్పున సముద్రం అడుగున లోతైన అగాధం ఉంది. 2023 డిసెంబర్ 2న సురిగావ్ దెల్ సుర్ తీరంలో హినతువాన్ దగ్గర వచ్చిన భూకంపం తీవ్రత 7.4. అలాంటి చోట బతికేవాళ్లు కాళ్ల కింద ఎవరో ఉన్నారనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మాటలో మాట. ఒకప్పుడు ఆకాశం చాలా కిందికి ఉండేదని, ఒక ఆడమనిషి వడ్లు దంచుతుంటే రోకలి తగిలి అది పైకి పోయిందని కూడా మనోబోలు చెబుతారు. మన ఊళ్లలో అవ్వ, రోకలి, ఆకాశం కథ విన్నవాళ్లకు ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది.

ఇబూ ఉండేది ఈ స్తంభాలకు కూడా కింద. అంటే దగావ్, పాము, భూకంపాలు, గాదెలో తరిగే ధాన్యం, ఇవన్నీ ఇంకా పై లోకం వ్యవహారాలే. జాబితాలు తయారుచేసేవాళ్లు తరచూ దగావ్‌ను, ఇబూను ఒకే గాటన కట్టి పాతాళ దేవతలు అని రాస్తారు. ఇద్దరి పని వేరు. దగావ్‌కు బతికున్నవాళ్లతో పని, ఇబూకు చనిపోయినవాళ్లతో.

తీర్పు ఎక్కడ జరుగుతుంది

మనోబోల లోకంలో తప్పు చేసినవాణ్ణి పట్టుకునేవాళ్లు చాలామంది. అనిత్ అనే పిడుగు దేవత ఉంది. జంతువులను ఎగతాళి చేస్తే, వాటితో మనుషులతో మాట్లాడినట్టు వెటకారంగా మాట్లాడితే ఆమెకు కోపం వస్తుంది. వినడానికి ఇదో చిన్న తప్పులా ఉంటుంది. కానీ తూర్పు మిండనావోలో ప్లాసెర్ పట్టణానికి కనుచూపు దూరంలో కగ్‌బుబటాంగ్ అనే రాతి కొమ్ము ఉంది, దాని కథ వింటే ఈ తప్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. పూర్వం ఒక పడవ ఆ కొమ్ము పక్కగా పోతోంది. పైన ఒక కోతి, ఒక పిల్లి కొట్టుకుంటున్నాయి. పడవలోవాళ్లకు నవ్వొచ్చింది. ఆ రెండింటినీ ఉద్దేశించి వెక్కిరింత మాటలు అన్నారు. అంతే, పడవతో సహా రాయి అయిపోయారు. ఆ దారిన పోయే పడవవాళ్లు ఎంత చిన్నదైనా సరే ఏదో ఒకటి అక్కడ సమర్పించి పోవాలి. లేకపోతే ఆ రాతి మనుషులకు కోపం వచ్చి గాలివాన లేపుతారు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. నవ్వినవాళ్లను నరకానికి పంపలేదు. అక్కడికక్కడే, ఆ పడవలోనే పని అయిపోయింది. పైగా శిక్ష పడినవాళ్లు దారిన పోయేవాళ్లతో ఇంకా లావాదేవీల్లోనే ఉన్నారు.

అడవిలో పెద్ద చెట్లను, ప్రత్యేకమైన చోట్లను కాసే తగ్‌బనువాలు అనే స్థల దేవతలు ఉన్నారు. పోడు కొట్టే ముందు వాళ్లను అడగాలి. ప్రయాణంలో లిమోకోన్ అనే గువ్వ కూత తప్పు దిక్కు నుంచి వినబడితే వెనక్కి తిరగాలి. వరికి ఒక దేవత, కోతకు మరో దేవత, వేటకు ఇంకో దేవత. రోజువారీ బతుకు మొత్తం ఎవరో ఒకరి కళ్ల ముందు జరుగుతుంది. ఇన్ని కళ్లు పైనే ఉన్నాక కింద మళ్లీ ఒక కోర్టు ఎందుకు?

నెత్తురు విషయంలో ఈ దేవతలకే ఒకరితో ఒకరికి పొసగదు. నేల మీద నెత్తురు పడితే దగావ్ భూమిని కదిలిస్తుందని చెప్పుకున్నాం. అదే లోయలో తగ్‌బుసావ్ అనే యుద్ధ దేవత నెత్తురు కోసం దప్పిక పడుతుంటాడు. బగానీ అనే యోధులకు ఆయనే ఇలవేల్పు. తగినంతమంది శత్రువులను చంపినవాడికే ఎర్ర బట్టలు కట్టే హక్కు వస్తుంది. ఒక దేవతకు నచ్చిన పని మరో దేవతకు నచ్చదు. పాపం, పుణ్యం అని రెండు ఖానాలు గీసి అన్నిటినీ వాటిలో సర్దే వీలు ఈ లోకంలో లేదు. చిత్రగుప్తుడు వచ్చినా ఏ పనిని ఏ ఖానాలో రాయాలో తెలియక తల పట్టుకునేవాడు.

ఇద్దరు తోడు

మనిషికి ఆత్మ ఒకటే అనుకోవడం మనకు అలవాటు. అగుసాన్ మనోబోల లెక్కలో ఇద్దరు. వాళ్లను ఉమగాద్ అంటారు. ఎప్పుడూ వెన్నంటి ఉండే కనపడని తోడు అన్నమాట. మండాయిత్ అనే దేవత పుట్టిన ప్రతి మనిషికీ ఈ ఇద్దరినీ ఇస్తుంది. పసిబిడ్డ క్షేమం కోసం పూజ కూడా ఆమెకే చేస్తారు.

నిద్రలో ఉమగాద్ బయట తిరుగుతుంది, ఆ తిరుగుడే కల. తిరుగుతూ తిరుగుతూ బుసావ్ అనే దుష్టశక్తి చేతికి చిక్కితే మనిషి జబ్బు పడతాడు. అప్పుడు బైలాన్ అనే పూజారిని పిలుస్తారు. బైలాన్ మగవాళ్లయినా కావచ్చు, ఆడవాళ్లయినా కావచ్చు. దేవతలు పూనితే ఒళ్లంతా వణుకుతుంది. ఆ మంచి దేవతలను దివాతా అంటారు. మన దేవత అనే సంస్కృత మాటే మలయ దీవుల మీదుగా అక్కడిదాకా వెళ్లిందన్నమాట. మాట వెళ్లింది గానీ యముడు వెళ్లలేదు. బైలాన్ ఆకూ వక్కా, కోడి, పంది నైవేద్యంగా పెట్టి, పోయిన ఉమగాద్‌ను విడిపించి తెమ్మని దివాతాలను వేడుకుంటారు. బలి ఇచ్చిన జంతువు నెత్తురు బైలాన్ తాగుతారు. తాగేది తాము కాదు, తమను పూనిన దివాతా అని వాళ్ల నమ్మకం.

వైద్యం ఫలించకపోతే మనిషి పోతాడు. అంటే చావు కూడా ఒక తప్పుకు పడిన శిక్ష కానక్కర్లేదు. అది ఎక్కువగా ఒక దొంగతనం, తోడును ఎవరో ఎత్తుకుపోవడం. మిగిలిన ఉమగాద్ ఇబూ దగ్గరకు బయలుదేరుతుంది.

ఎర్ర నది

అయితే వెంటనే బయలుదేరదు. మనోబోల పరలోక విశ్వాసాల్లో అసలు బరువంతా ఈ మధ్య కాలం మీదే ఉంది.

దుంగను తొలిచి చేసిన పెట్టెలో శవాన్ని పెట్టి అడవిలో ఎత్తైన చోట పాతిపెడతారు. మనిషి పోయిన ఇంటిని చాలాసార్లు వదిలేసి వేరేచోట కట్టుకుంటారు. పోయిన మనిషి ఉమగాద్ మాత్రం ఆ చుట్టుపక్కలే తిరుగుతుంది. దానికి ఆకలి ఉంటుంది, ఒంటరితనం ఉంటుంది, బతికున్న సొంతవాళ్ల మీద ఒక రకమైన గుర్రు ఉంటుంది. వాళ్లు తింటున్నారు, నవ్వుతున్నారు, తను లేదు. ఆ గుర్రు జబ్బుగా మారి ఇంట్లోవాళ్లకు తగలొచ్చు. అందుకే బంధువులంతా కలిసి చావు విందు చేయాలి. పంది కోయాలి, వరి సారా పోయాలి. పోయినవాళ్లకు వాళ్ల వాటా వాళ్లకు పెట్టాలి, ఆకూ వక్కా ఇవ్వాలి. ఆ విందులో పోయిన మనిషి కూడా కూర్చుని తింటాడని నమ్మకం. తిన్నాక వీడ్కోలు. ఆ తర్వాతే అసలు ప్రయాణం.

దారిలో ఒక పెద్ద ఎర్ర నది అడ్డం వస్తుంది. మండుయాపిత్ అనేవాడు ఆత్మలను పడవలో అవతలికి దాటిస్తాడు. ఎర్ర నది అనగానే మనకు వైతరణి గుర్తొస్తుంది. నెత్తురు, చీము పారే ఆ నదిని గోదానం చేసినవాడు ఆవు తోక పట్టుకుని దాటతాడని గరుడ పురాణం చెబుతుంది. చేయనివాడు అందులో పడి నానా బాధలు పడతాడు. అంటే వైతరణి ఒక వడపోత. మండుయాపిత్ నది అలా కాదు, అది ఒక సరిహద్దు మాత్రమే. ఇటు వచ్చినవాళ్లను అటు చేర్చడం పడవవాడి పని. పుణ్యం ఎంత చేశావని అతను అడిగినట్టు లేదు.

నది దాటితే ఇబూ రాజ్యం. అక్కడి బతుకు ఇక్కడి బతుకు లాంటిదే, పోయిన సొంతవాళ్లంతా అక్కడే ఉంటారు. రాణి అంటున్నాం గానీ ఆమె సింహాసనం, భటులు, ఆజ్ఞలు ఏవీ కథల్లో కనిపించవు. రాణి అన్న మాట కూడా గార్వన్ ఇంగ్లీషు నుంచి వచ్చింది. రాజులే లేని, దాతులనే పెద్దల కింద చిన్న చిన్న గుంపులుగా బతికే మనుషుల ఊహలో రాణి అంటే కోటలో కూర్చునే మనిషి అయి ఉండదు. వచ్చినవాళ్లకు చోటిచ్చే పెద్ద దిక్కు అనుకుంటే దగ్గరగా ఉంటుందేమో.

మెబుయాన్ కథ వేరు

ఇబూ గురించి వెతికేవాళ్లకు రెండో పేరు కూడా తప్పకుండా తగులుతుంది. అది మెబుయాన్. ఒళ్లంతా స్తనాలున్న పాతాళ దేవత బొమ్మ ఎక్కడైనా కనిపిస్తే అది ఈమెదే. చాలాచోట్ల ఇద్దరినీ కలిపేసి, ఇబూకే ఆ రూపం అంటగడుతున్నారు. పేర్లలో పోలిక ఉన్న మాట నిజమే, భాషలు కూడా దాయాదులే. కానీ మెబుయాన్ కథ దవావ్ వైపు అపో పర్వతం దిగువన ఉండే బగోబోలది. దాన్ని నమోదు చేసింది లారా వాట్సన్ బెనెడిక్ట్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త. 1913లో ఆమె అచ్చువేసిన బగోబో పురాణాల్లో ఇది ఉంది. నా మట్టుకు నాకు ఈ ప్రాంతపు చావు కథలన్నిటిలోకీ ఇదే గొప్పది.

లుమబాత్, మెబుయాన్ అన్నాచెల్లెళ్లు. తనతో ఆకాశానికి రమ్మని లుమబాత్ చెల్లెల్ని పిలిచాడు. ఆమె రానంది. మాటా మాటా పెరిగి కొట్లాటకు దిగారు. మెబుయాన్ వెళ్లి వడ్లు దంచే పెద్ద రోటి మీద కూర్చుంది. నేను భూమి కిందికి, గిమోకుదాన్ అనే చనిపోయినవాళ్ల లోకానికి పోతున్నాను అంది. అక్కడ నిమ్మ చెట్టు ఊపుతాను, ఊపినప్పుడల్లా పైన ఎవరో ఒకరు చస్తారు, పండు రాలితే ముసలివాళ్లు, పచ్చి కాయ రాలితే వయసులో ఉన్నవాళ్లు అంది. దంచిన బియ్యం రోట్లో పోసింది. రోలు గిర్రున తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూ తిరుగుతూ నేలలోకి దిగుతోంది. దిగిపోయే ముందు గుప్పెళ్లతో బియ్యం నేల మీద చల్లింది. ఈ గింజల్లాగే మనుషులు వందలుగా రాలి కిందికే వస్తారు, ఒక్కరు కూడా ఆకాశానికి పోరు అంది.

చావు ఎందుకు వచ్చిందంటే అన్నాచెల్లెళ్ల పోట్లాట వల్ల. ఎవరు ఎప్పుడు పోతారంటే చెట్టు ఊపినప్పుడు ఏ కాయ రాలితే వాళ్లు. పసివాళ్లు ఎందుకు పోతారన్న ప్రశ్నకు పూర్వజన్మ పాపం అనే జవాబు ఇక్కడ లేదు. పచ్చి కాయ రాలింది, అంతే.

అలా శపించి దిగినామె కింద ఏం చేస్తోంది? పాలు తాగే వయసులో పోయిన పిల్లలందరినీ సాకుతోంది. పసిపిల్లలు నేరుగా గిమోకుదాన్‌కు పోరు. బనువా మెబుయాన్ అనే ఆమె ఊరికి పోతారు. అంతమందికి పాలివ్వాలి కాబట్టే ఒళ్లంతా స్తనాలు. చూడటానికి అందంగా ఉండదని బగోబోలే చెబుతారు. పిల్లలు పాలు మానేదాకా ఆమె దగ్గర పెరిగి, అన్నం తినే వయసు రాగానే గిమోకుదాన్‌లో తమ ముందే పోయిన బంధువులను చేరుకుంటారు. పిల్లల చావులు ఇంటింటా ఉన్న కాలంలో తల్లులు ఈ కథను ఎలా విని ఉంటారో ఆలోచించండి. ఈమెను భయంకర దేవత అని ఒక్క మాటలో తేల్చేసే బొమ్మలు చూస్తే నాకు చిరాకు.

పెద్దవాళ్లు కూడా ఆమె ఊరి మీదుగానే పోవాలి. ఆ ఊళ్లో ఒక నల్ల నది పారుతుంది. ఆత్మలు అందులో కీళ్లన్నీ, నడినెత్తీ కడుక్కోవాలి. ఈ స్నానాన్ని పమలుగు అంటారు. పాపం కడుక్కోవడానికి కాదు, కొత్త చోటు అలవాటు కావడానికి. కడుక్కోకపోతే ఇంటి మీద బెంగతో వెనక్కి పారిపోయి మళ్లీ శరీరంలో దూరతాయట, శవం లేచి కూర్చుంటుందట. ఇక్కడ కూడా విచారణ లేదు. బెంగ తీర్చే ఏర్పాటు ఉంది.

బగోబోలకూ ఆత్మలు రెండే, గిమోకుద్ అంటారు. కుడివైపు నీడ మంచిది, చనిపోయాక గిమోకుదాన్‌కు పోయేది అదే. ఎడమవైపు నీడ కలల్లో తిరిగి ప్రమాదాల్లో పడేది, చావు తర్వాత బుసో అనే దయ్యంగా మారి సమాధుల దగ్గర తిరుగుతుంది. ఇక గిమోకుదాన్‌లో రాత్రి మన పగలు. చీకటి పడితే ఆత్మలు లేచి ఆడతాయి, పాడతాయి, వండుకుని తింటాయి. తెల్లవారేసరికి ప్రతి ఆత్మా ఒక వెడల్పాటి ఆకు కోసి దొన్నెలా చేసుకుని, అందులో కూర్చుని కరిగి నీళ్లైపోతుంది. మళ్లీ చీకటి పడ్డాక ఎవరి రూపం వాళ్లకు వస్తుంది.

ఇలా అగుసాన్‌లో ఎర్ర నది, పడవవాడు. దవావ్‌లో నల్ల నది, స్నానం. రెండు నదులను కలిపి ఒక పటం గీయాలనిపిస్తుంది గానీ అది మనం గీసిన పటమే అవుతుంది. బుకిద్‌నోన్‌కు పోతే ఆ పటమూ పనికిరాదు. అక్కడ మనిషికి ఏడు ఆత్మలు. చనిపోయాక అవన్నీ ఒకటై బలతుకాన్ పర్వతానికి పోతాయి. దారి కిందికి కాదు, పైకి.

రాసినవాళ్లు, పాడినవాళ్లు

ఈ కథలన్నీ మనకు అందిన కాలం ప్రశాంతమైనది కాదు. 1898లో స్పెయిన్ పోయి అమెరికా వచ్చింది. అంతకు ముందే జెసూయిట్ ఫాదర్లు నది వెంట ఊళ్లు కట్టించి బాప్తిస్మాలు ఇస్తూ వచ్చారు. గార్వన్ అక్కడ ఉన్న రోజుల్లోనే, 1908 నుంచి 1910 దాకా, లోకం అంతమైపోతోందనే ప్రచారం కొండల్లో మంటలా పాకింది. జనం పందుల్నీ కోళ్లనీ కోసేశారు, కొత్త పూజా గృహాలు కట్టుకున్నారు. అంటే గార్వన్ విన్నది తరతరాలుగా కదలకుండా ఉన్న మతం కాదు. భయంతో, కొత్త పాలకుల ఒత్తిడితో మారుతున్న మతం. ఇబూ గురించి ఆయనకు చెప్పినవాళ్లలో క్రైస్తవుల నరకం మాట అప్పటికే విన్నవాళ్లు ఉండి ఉంటారు. అయినా వాళ్లు ఆమె చేతికి తక్కెడ ఇవ్వలేదు. ఇది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది.

ఇప్పుడు మనోబోల్లో చాలామంది క్రైస్తవులే. 1997లో ఫిలిప్పీన్స్ ఆదివాసీ హక్కుల చట్టం తెచ్చి పూర్వీకుల భూముల మీద హక్కును గుర్తించింది. గనులు, కలప, తోటల కంపెనీలతో ఆ భూముల మీద గొడవలు మాత్రం ఆగలేదు. పూర్వీకులను పాతిన చోటు, స్థల దేవతలు ఉండే చోటు అనేవి ఆ వాదనల్లో కథలు కావు, ఆధారాలు.

కథలు కూడా ఒక్క గార్వన్‌తో ఆగలేదు. ఫిలిప్పీన్స్ పండితుడు ఇ. ఆర్సెనియో మాన్యువెల్ 1950ల నుంచి తువాంగ్, అగ్యు అనే వీరుల ఇతిహాసాలను పాడేవాళ్ల నోటి నుంచే రాయించాడు. ఎలెనా మకీసో ఉలాహింగాన్ అనే మరో పెద్ద ఇతిహాసాన్ని సేకరించి 1977లో ప్రచురించింది. వీటిలో పాతాళం దారి అసలు ఎక్కకుండా తప్పించుకునే కథ ఒకటుంది. మైనం వ్యాపారం దగ్గర మొదలైన గొడవ హత్యకు దారితీసి, అగ్యు తన జనాన్ని తీసుకుని ఊరు వదిలి కొండలు పట్టి పోతాడు. వాళ్లలో అగ్యు సోదరుడి భార్య ముంగాన్‌కు కుష్ఠు. వెంట తీసుకుపోలేక దారిలో వదిలేస్తారు. చివరకు ఆమెకే జబ్బు నయమై, దేవతల దయతో చావు లేని మనిషి అవుతుంది. అమరత్వం ఇచ్చే తిండినీ వక్కనూ వదిలేసి పోయిన ఆ బంధువులకే పంపుతుంది. ఆ తర్వాత సరింబార్ అనే ఎగిరే ఓడ దిగి వచ్చి అగ్యు జనాన్ని శరీరాలతో సహా చావు లేని లోకానికి తీసుకుపోతుంది. ఎర్ర నది, మండుయాపిత్, ఇబూ వీళ్లెవరితోనూ పని లేకుండా వాళ్ల కథ అక్కడితో అయిపోతుంది. కొండల్లో మిగిలినవాళ్లకు మాత్రం చావు విందు, ఆకూ వక్కా, పడవ తప్పలేదు.